ఫంక్షన్ హాల్ ముందు కర్బ్ దగ్గర వాలే పార్కింగ్ పెట్టాలంటే సిటీ పర్మిషన్ ఎలా? (కాలిఫోర్నియా)

ప్రశ్న:
అందరికీ నమస్తే అండి. మా రెస్టారెంట్ పక్కనే చిన్న ఫంక్షన్ హాల్ కూడా లీజుకి తీసుకున్నాం. శుక్ర శనివారాలు పార్టీలుంటే పార్కింగ్ తోనే చచ్చే చావుగా ఉంది, లాట్ చాలట్లేదు. ముందు రోడ్డు మీద రెండు మూడు కార్ల చోటు సాయంత్రం వాలే వాళ్లకి (అతిథుల కార్లు తీసుకెళ్లి పార్క్ చేసిపెట్టేవాళ్లు), పగలు మా కేటరింగ్ వ్యాన్ లోడింగ్ కి వాడుకోవాలని ఉంది. ల్యాండ్‌లార్డ్ ఏమో నీ షాపు ముందేగా, రెండు కోన్లు పెట్టేసుకో అంటున్నాడు. అంత ఈజీనా? ఎవర్ని అడగాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:
కోన్లు మాత్రం పెట్టకండి బాబోయ్. షాపు మీ లీజులో ఉంది గానీ రోడ్డు లేదు, ల్యాండ్‌లార్డ్ ది కూడా కాదు. మీరు అడిగినదాంట్లో రెండు వేరే వేరే పర్మిషన్లు ఉన్నాయి, కర్బ్ రంగు (ఫుట్‌పాత్ అంచుకి వేసే రంగు, అక్కడ ఎవరు ఆగొచ్చో చెప్పేది) ఒకటి, వాలే పర్మిట్ ఒకటి, అవి కలిపేసుకుంటేనే గందరగోళం.

రంగుల సంగతి రాష్ట్రం వెహికల్ కోడ్ సెక్షన్ 21458 లో ఉంటుంది. ఎరుపు అసలు ఆగకూడదు, పసుపు సరుకు గానీ మనుషుల్ని గానీ దించి ఎక్కించుకోడానికి సిటీ పెట్టిన టైం వరకు, తెలుపు ముఖ్యంగా మనుషులు ఎక్కి దిగడానికి, ఆకుపచ్చ కాసేపు పార్కింగ్, నీలం డిజేబుల్డ్ ప్లకార్డు (వికలాంగులకి ఇచ్చే పార్కింగ్ కార్డు) ఉన్నవాళ్లకి. ఏ రంగు ఎక్కడ అన్నది సిటీ ట్రాఫిక్ ఇంజినీరింగ్ వాళ్లు తేలుస్తారు, ఊరిని బట్టి పబ్లిక్ వర్క్స్ అనో ట్రాన్స్‌పోర్టేషన్ అనో పేరు ఉంటుంది. మనమే డబ్బా కొని రంగేస్తే చెల్లదు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మీరు ఫీజు కట్టి తెల్ల కర్బ్ తెచ్చుకున్నా అది మీ సొంతం కాదు. పక్క షాపుకొచ్చినవాడు కూడా అక్కడ మనిషిని దించి వెళ్లొచ్చు, మీరు వద్దనడానికి లేదు. ఆకుపచ్చ అడుగుదాం అనుకుంటున్నారేమో, ప్లకార్డు ఉన్న బండికి ఆ టైం లిమిట్ వర్తించదు, రోజంతా ఉండొచ్చు, అది వాళ్ల హక్కు. మీ అవసరానికైతే పగలు లోడింగ్, సాయంత్రం ఫలానా గంటల్లో వాలే అని ఒకే ముక్క మీద టైమింగ్స్ తో బోర్డు పెడతారా అని అడగండి. కొన్ని సిటీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు, కానీ అలా అడిగితే మీరు హోంవర్క్ చేసొచ్చారని వాళ్లకి అర్థమవుతుంది.

వాలే పర్మిట్ దగ్గరకొస్తే, కార్లు ఎక్కడ ఆగుతాయి అన్నదానికంటే తీసుకెళ్లి ఎక్కడ పెడతారు అన్నదే సిటీ వాళ్ల అసలు ప్రశ్న. మళ్లీ వీధిలోనే పెడతామంటే చాలాచోట్ల అక్కడితో కథ అయిపోయినట్టే. దగ్గర్లో రాత్రి ఖాళీగా ఉండే ఆఫీసు లాట్ చూసుకుని, ఎన్ని కార్లు, ఏ రోజులు, ఏ గంటలు అని వాళ్లతో సంతకం పెట్టిన కాగితం రాయించుకోండి, కర్బ్ నుంచి ఆ లాట్ కి ఏ రూటులో వెళ్తారో స్కెచ్ కూడా గీసి పెట్టుకోండి. ఈ కాగితం లేకుండా సిటీ పర్మిట్ కౌంటర్ కి వెళ్లడం టైం వేస్ట్ అని నా అభిప్రాయం.

ఇంకొకరి జవాబు:
ఇన్సూరెన్స్ గురించి ఎవరూ చెప్పలేదేంటి! వ్యాపారాలకి ఉండే మామూలు జనరల్ లయబిలిటీ పాలసీ మీ చేతిలో ఉన్న కస్టమర్ కారుకి డ్యామేజ్ అయితే సాధారణంగా ఇవ్వదు, దానికి గ్యారేజ్‌కీపర్స్ కవరేజ్ అని విడిగా ఉంటుంది, వాలే కుర్రాడు తాళం తీసుకున్న క్షణం నుంచి అదే దిక్కు. సిటీ వాళ్లు తమ పేరు అడిషనల్ ఇన్సూర్డ్ గా (మీ పాలసీ తమకీ వర్తించేలా) చేర్చమంటారు, ఇన్సూరెన్స్ ఏజెంట్ ఆ ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే కాగితం) పంపకపోతే ఫైలు అలా మూలుగుతూనే ఉంటుంది. బయట వాలే కంపెనీని పెట్టుకుంటే పర్మిట్ ఎవరి పేరు మీద ఉండాలో, వాళ్ల పాలసీలో మీ పేరు ఉందో లేదో ముందే చూసుకోండి.

మరొకరు:
అప్లికేషన్ కంటే ముందు టేపు పట్టుకుని బయటకి వెళ్లండి. ఫైర్ హైడ్రంట్ కి 15 అడుగుల లోపు మామూలుగా పార్కింగ్ లేదు. క్రాస్‌వాక్ కి బండ్లు వచ్చే వైపు 20 అడుగులు కూడా ఇప్పుడు పోయినట్టే, ఏబీ 413 అని 2023 లో వచ్చిన రాష్ట్ర చట్టం, 2025 నుంచి టికెట్లు కూడా రాస్తున్నారు. డ్రైవ్‌వే, బస్ స్టాప్ తీసేశాక కారుకి ఓ 20 అడుగులు చొప్పున లెక్కేస్తే మూడు కార్లు అనుకున్నది ఒకటిన్నర అవ్వొచ్చు.

రోడ్డు ఎవరిదో కూడా చూడండి. మెయిన్ రోడ్డే కదా అనుకుంటాం, అది స్టేట్ హైవే అయితే సిటీతో పాటు కాల్‌ట్రాన్స్ (రాష్ట్ర రవాణా శాఖ) ఇచ్చే ఎన్‌క్రోచ్‌మెంట్ పర్మిట్ (వాళ్ల రోడ్డు స్థలం వాడుకోడానికి అనుమతి) కూడా కావాల్సి రావచ్చు, శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఎల్ కామినో రియల్ అనే రోడ్డు చాలాదూరం స్టేట్ రూట్ 82 నే. అలాగే వాలే స్టాండు, తాళాల బాక్సు, గొడుగు ఫుట్‌పాత్ మీద పెడతామంటే దానికి విడిగా అడగొచ్చు, వీల్‌చెయిర్ కి దారి వదలాల్సిందే. ఏడీఏ (వికలాంగుల హక్కుల ఫెడరల్ చట్టం) రూల్ ప్రకారం వాలే నడిపే పార్కింగ్ కి రూలు కొలతల్లో ప్యాసింజర్ లోడింగ్ జోన్ కనీసం ఒకటి ఉండాలి, కారు ఆగేచోటు 8 అడుగుల వెడల్పు 20 అడుగుల పొడవు, పక్కన 5 అడుగుల ఖాళీ. స్కెచ్ లో ఇది కనిపించేలా గీయండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి, ల్యాండ్‌లార్డ్ కి ఇది చదివి వినిపిస్తా. కానీ వచ్చే నెలలోనే ఒక పెద్ద ఫంక్షన్ బుక్ అయ్యుంది, ఈలోగా ఏం చెయ్యాలి?

మొదట జవాబిచ్చినవారు:
దానికి టెంపరరీ నో పార్కింగ్ పర్మిట్ అడగండి, మూవింగ్ ట్రక్కులకి, ఈవెంట్లకి ఇచ్చేది. బోర్డులు సిటీవే వాడాలి. టో చేయించాలంటే రాష్ట్రం రూలు ప్రకారం కనీసం 24 గంటల ముందు బోర్డు ఉండాలి, చాలా సిటీలు 72 గంటలు అడుగుతాయి కాబట్టి పెట్టిన రోజే టైం పడేలా ఫోటో తీసుకోండి. కాకపోతే దీంతో కర్బ్ ఖాళీ అవుతుందంతే, వాలే నడపడానికి అనుమతి వచ్చినట్టు కాదు. ఒక్కరోజు వాలే పర్మిట్ మీ సిటీలో ఉందేమో అదే కౌంటర్ లో అడగండి, లేదంటే ఆ రోజుకి ఆఫీసు లాట్ మాట్లాడుకుని అతిథుల్నే అక్కడ పార్క్ చేసుకోమని, అక్కడి నుంచి హాల్ కి ఒక వ్యాన్ తిప్పండి.