కోట్ల జనాభా ఉన్నా మేటి ఫుట్‌బాలర్లు ఎందుకు రావట్లేదు?

ఉరుగ్వే జనాభా సుమారు 35 లక్షలు. 1930, 1950 ప్రపంచ కప్పులు వాళ్లవే. వాళ్ల స్టార్ ఆటగాళ్లు సువారెజ్, కవానీ ఇద్దరూ ఒకే ఊళ్లో, వారాల తేడాతో పుట్టారు! 140 కోట్ల చైనా ప్రపంచ కప్పు ఆడింది 2002లో ఒక్కసారే. మూడు మ్యాచ్‌లూ ఓడింది, ఒక్క గోలూ కొట్టలేదు. భారత్, బంగ్లాదేశ్ అసలు ఆడనే లేదు.

మన దగ్గర క్రికెట్ మింగేసిందంటారు, మరి చైనాలో క్రికెట్ ఏది? డబ్బు లేదనీ అనలేం. బ్రెజిల్ ఆటగాళ్లు హల్క్, ఆస్కార్‌లను అక్కడి క్లబ్బే కోట్లు పోసి కొంది.

ఉరుగ్వేలో ఆరేళ్ల పిల్లలు కూడా 'బేబీ ఫుట్‌బాల్' లీగుల్లో ఆడతారు. అసలు తేడా అక్కడే ఉందని నా అనుమానం. పిల్లలకు కోచింగ్ ఇచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి: లోపం మ్యాచ్‌లు చాలకపోవడమా, కోచ్‌లా, చదువుల టెన్షనా?