మాగిన వాసనా, ముక్కిన వాసనా? పుస్తకం వాసనకి ఒక మాట కావాలి

సభ్యులందరికీ నమస్కారం. ఒక మాట కోసం చాలా రోజులుగా వెతుకుతున్నాను. తొలి చినుకులకి నేలలోంచి లేచే వాసనకి మనకి ‘మట్టివాసన’ ఉంది. శాస్త్రజ్ఞులు 1964లో దానికి ‘పెట్రికోర్’ అని పేరు పెట్టారు కానీ, మనకి ఆ పేరు అవసరం రాలేదు. మరి పుస్తకం తెరిచి, పేజీల మధ్య ముఖం పెట్టి పీల్చుకునే వాసనకి ఏ మాట ఉంది? ఇంగ్లీషులో ఈమధ్య ‘బిబ్లియోస్మియా’ అంటున్నారు. గ్రీకులో పుస్తకాన్నీ వాసననీ చెప్పే రెండు మాటల్ని అతికించి చేసినది. నాకు ‘గ్రంథగంధం’ తోచింది. చెవికి బాగుంది కానీ నోట్లో ఆడటం లేదు. మీరేమంటారు?

జవాబు:
అమ్మా, సమాసంలో తప్పేమీ లేదు. ఇబ్బందంతా ‘గంధం’తోనే. సంస్కృతంలో అది ఏ వాసనైనా కావచ్చు. తెలుగులో గంధం అనగానే సానమీద అరగదీసిన చందనమే మనసులో మెదులుతుంది. పైగా ‘వాడికి చదువు గంధం అంటలేదు’ అంటాం. అక్కడ గంధమంటే లవలేశం. ఆ లెక్కన గ్రంథగంధమంటే పుస్తకాలతో ఏదో కాస్త పరిచయం అని ధ్వనిస్తుంది.

అచ్చ తెలుగులో తావి ఉంది, నెత్తావి ఉంది, కానీ అవి పువ్వుల్ని వదిలి రావు. ‘కంపు’కి పాత వాడుకలో మంచీ చెడూ రెండూ ఉండేవి. కన్నడంలో అది ఇప్పటికీ పరిమళమే. మన దగ్గర పూర్తిగా చెడిపోయింది, దాన్నిక వెనక్కి తేలేం. నాకు ముచ్చటగా అనిపించేది ‘కమ్మ’. పాత తెలుగులో కమ్మ అంటే తాటాకు, ఆ ఆకుమీద రాసిన ఉత్తరం కూడా. ‘కమ్మని’ అన్నప్పుడేమో అదే కమ్మ పరిమళం. ఈ రెండింటికీ చుట్టరికం ఉందని నేననను. అయినా రాసే ఆకూ, మంచి వాసనా ఒకే రెండక్షరాల్లో ఒదగడం ఎంత బాగుందో చూడండి.

జవాబు:
పాత పుస్తకాల మరమ్మతు నా వృత్తి. రోజంతా ఈ వాసనల మధ్యే ఉంటాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక విషయం. కొత్త పుస్తకానికీ పాత పుస్తకానికీ కలిపి ఒకే మాట వెతకడం సరికాదు. అవి పుట్టేదే వేరుగా. కొత్త పుస్తకంలో మనకి తగిలేది బయటినుంచి చేరినది: అచ్చు సిరాలోని ద్రావకాలు, వీపు దగ్గర అట్టని పట్టే జిగురు, కాగితం తయారీలో కలిపిన రసాయనాలు. కొన్నాళ్లకి ఆవిరై పోతుంది. దీన్ని ‘అచ్చువాసన’ అంటే సరిపోతుంది. సిరావాసన అంటే జిగురుకి అన్యాయం చేసినట్టు.

పాత పుస్తకం వాసన కాగితంలోంచే పుడుతుంది. కాగితంలోని సెల్యులోజు, అంటే మొక్కల పీచుపదార్థం, ఆమ్లాల వల్ల ఏళ్ల తరబడి ముక్కలవుతూ, ఫర్‌ఫ్యూరాల్ లాంటి వాసనగల రసాయనాల్ని గాలిలోకి వదులుతుంది. కలపగుజ్జుతో చేసిన కాగితమైతే అందులో కలపకి గట్టితనాన్నిచ్చే లిగ్నిన్ కూడా ఉంటుంది. అది విరిగి వానిలిన్ పుడుతుంది. వెనిలా వాసన అదే. బాదంలాంటి వాసన బెంజాల్డిహైడ్‌ది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో మాతియా స్ట్రిలిచ్ బృందం 72 పాత కాగితాలు విడిచే వాయువుల్ని పట్టి పరీక్షించి, 2009లో ఆ ఫలితాలు ప్రచురించింది. పుస్తకంలో ముక్క చింపకుండా, వాసనని బట్టే కాగితం ఎంత బలహీనపడిందో చెప్పొచ్చునా అన్నది వాళ్ల ప్రశ్న. 2017లో సెసిలియా బెంబిబ్రే, స్ట్రిలిచ్ కలిసి పాత పుస్తకాల వాసనలకి ఒక చక్రమే గీశారు, ఏ వాసన దేన్ని పోలి ఉంటుందో, ఏ రసాయనానిదో చూపే బొమ్మ అది. పుస్తకమని చెప్పకుండా ఆ వాసన చూపిస్తే, మ్యూజియానికి వచ్చినవాళ్ల నోట ఎక్కువగా వినిపించిన మాటలు చాక్లెట్, కాఫీ.

ఇప్పుడు మాట సంగతి. తనలోని పదార్థమే నెమ్మదిగా మారి, కొత్త వాసన పుట్టడాన్ని మనం ‘మాగడం’ అంటాం. గడ్డిలో పెట్టిన పండు మాగుతుంది. కాగితం కూడా అలాగే మాగుతుంది. కాబట్టి ‘మాగిన వాసన’. చెమ్మ తగిలి, బూజు పట్టి, మూసిన గదిలోంచి వచ్చే వాసన వేరు. అది ‘ముక్కిన వాసన’, చెమ్మ తగిలిన బియ్యం ముక్కిపోయినట్టు. మొదటిది కాగితం వయసు, రెండోది కాగితం రోగం. చాలామంది రెండింటినీ ‘పాత వాసన’ అనేసి, ముక్కిన పుస్తకాన్ని కూడా ప్రేమగా అల్మారాలో పెడతారు. పక్కవాటికీ బూజు అంటుకుంటుంది. మాటల్లో తేడా తెలిస్తే పుస్తకాలు బతుకుతాయి.

జవాబు:
అయ్యా, మా ఇంట్లో ‘మగ్గిన వాసన’ అనేవాళ్లు, అదీ చెడ్డ అర్థంలోనే. పెట్టెలో ఉండిపోయిన బట్టలకి. మాగడం, మగ్గడం ఒకటే కదా?

జవాబు:
పండు విషయంలో ఒకటే అండి, మగ్గబెట్టడం అన్నా మాగబెట్టడం అన్నా. తర్వాత దారులు చీలాయి. ‘చెరలో మగ్గుతున్నాడు’ అంటాం, ‘మాగుతున్నాడు’ అనం. గాలీ వెలుతురూ లేని బాధ మగ్గడంలోకి వచ్చి చేరింది. అందుకే నేను దీర్ఘం ఉన్నదాన్నే పట్టుకున్నాను.

జవాబు:
నాదొక చిన్న చేర్పు. ‘వాసన’ అన్న మాటనే మరీ చిన్నచూపు చూస్తున్నామేమో. పూర్వజన్మ వాసన అంటాం కదా, అక్కడ ముక్కుతో పనిలేదు. జరిగిపోయిన అనుభవం మనసులో మిగిల్చిన గుర్తు అది. తాటాకు ప్రతులు పెళుసుబారకుండా, పురుగు పట్టకుండా నిమ్మగడ్డి నూనె రాసేవారు. నూనె రాసిన చెయ్యి వెళ్లిపోయాక కూడా ఆకులో వాసన ఉంటుంది. ముక్కుకి తగిలే వాసనా, మనసులో మిగిలే వాసనా అక్కడ ఒకటైపోతాయి. ‘మాగిన వాసన’కి నా ఓటు, ఆ రెండో ముక్క మార్చకండి.

అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. గ్రంథగంధాన్ని వదిలేశాను. ఇవి చదివాక మా నాన్నగారి నిఘంటువులు రెండూ తీసి చూశాను. ఒకటి మాగింది. వెనిలా కాదు, నాకు ఎండిన ఆకుల వాసనే ఎక్కువ తగిలింది. రెండోది ముక్కింది, ఇన్నాళ్లూ నేను ప్రేమగా పీల్చుకున్నది దాన్నే. ఇప్పుడు దాన్ని విడిగా, నీడపట్టున, పేజీలు విప్పి, గాలి ఆడేచోట పెట్టాను. మరమ్మతు చేసే అయ్యగారూ, అట్ట లోపలివైపు బూడిదరంగు మచ్చలున్నాయి. చేత్తో తుడవవచ్చా?

జవాబు:
తొందరపడి తుడవకండమ్మా, తడిగుడ్డ అసలే వద్దు. పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఆరుబయట, మెత్తని కుంచెతో పైపైన దులపండి. ఎండలో మాత్రం పెట్టకండి. ఆరాక మళ్లీ ఒకసారి వాసన చూసి రాయండి.