పాత గేమ్‌ల కలెక్షన్‌కి తేమ, బూజు: మూత పెట్టిన డబ్బానా, గాలి తగిలే ర్యాకా?

పాలమూరు_ప్లేయర్:
మాది మహబూబ్‌నగర్ టౌన్. మీడియా, సమురాయ్ టీవీ గేమ్‌ల కాలం నాటి 8-బిట్ క్యాసెట్లు ఒక సంచి నిండా ఉన్నాయి. ప్లేస్టేషన్ 1, 2 డిస్కులు, వాటి మాన్యువల్స్, కొన్నిటికి అట్టపెట్టెలు కూడా ఉన్నాయి. అన్నీ గోడ అల్మారాలో కడప బండల మీద పెట్టాను. ఆ గోడకి బయటివైపు వాన కొడుతుంది. ఈ ఆగస్టు ముసురుకి అట్టపెట్టెల మూలల్లో బూడిద రంగు చుక్కలు లేచాయి, తలుపు తీస్తే ముక్కిన వాసన. దోస్త్ ఏమో ప్లాస్టిక్ డబ్బాల్లో వేసి, తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు పెట్టి మూసేయమంటున్నాడు. మా అన్న ఏమో గాలి ఆడాలి, హాల్లో ర్యాక్ మీద పెట్టమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ర్యాక్_రాజా_నల్గొండ:
మీ అన్న చెప్పిందే కరెక్ట్. మనది ఎండల జిల్లా. ఏడాదిలో ఎనిమిది నెలలు గాలి పొడిగానే ఉంటుంది. తేమ బాధ కాకినాడ, వైజాగ్ వాళ్లది. వాన ముసురు నాలుగు రోజులు ఓర్చుకుంటే మళ్లీ ఎండ వచ్చి అన్నీ ఆరిపోతాయి. డబ్బాలో వేసి మూస్తే లోపల ఏం జరుగుతుందో కనిపించదు, చూసేసరికి బూజు పరుచుకుని ఉంటుంది. పైగా గేమ్‌లు కొన్నది కళ్లారా చూసుకోవడానికి, మంచం కింద దాచడానికి కాదు.

క్యాసెట్_భాయ్:
తమ్ముడూ, నా ఓటు డబ్బాకే. కానీ ఇప్పుడు మూత పెట్టకు. ఆగస్టులో మూస్తే ఆగస్టు తేమనే లోపల దాచిపెట్టినట్టు అవుతుంది. ఏ డబ్బా కొన్నావన్న దానికంటే ఏ నెలలో మూశావన్నదే పెద్ద సంగతి.

లెక్క చూడు. 20 లీటర్ల డబ్బాలోని గాలి ఎంత తడిగా ఉన్నా అందులో నీరు ఒక గ్రాము కూడా ఉండదు. నీరంతా కాగితంలో, అట్టలో ఉంటుంది. గాలిలో తేమ 50 శాతం ఉన్నప్పుడు కాగితం తన బరువులో సుమారు 7 శాతం నీటిని పట్టి ఉంచుకుంటుంది. తేమ 80 శాతానికి వెళ్తే అది 10, 11 శాతం అవుతుంది. అంటే కిలో మాన్యువల్స్, అట్టపెట్టెలు ముసురులో మూసేస్తే, వాటిని మళ్లీ మామూలు స్థితికి తేవడానికి సిలికా జెల్ 30, 40 గ్రాముల నీటిని పీల్చుకోవాలి. 50 శాతం తేమ దగ్గర సిలికా జెల్ పట్టుకునేది తన బరువులో పావు వంతు మాత్రమే. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే చిన్న పొట్లాలు రెండు వేస్తే ఏ మూలకి సరిపోతాయి? కిలో కాగితానికి 150 గ్రాములైనా కావాలి. అదే ఫిబ్రవరిలో మూస్తే కాగితం అప్పటికే ఆరి ఉంటుంది కాబట్టి 50 గ్రాములు కాపలాకి చాలు.

నల్గొండ అన్నకి ఒక మాట. మే నెలలో బయట గాలి పొడి, ఒప్పుకుంటాను. మరి మన గదుల్లో మేలో నడిచేది ఏంటి? కూలర్. రోహిణి కార్తెలో కిటికీలు బిగించి, తడి గడ్డిలోంచి వచ్చే గాలి రాత్రంతా కొడితే ఆ గది వానాకాలం గదే. చాలా ఇళ్లలో కూలర్ కూడా హాల్లోనే, టీవీకి, గేమ్‌ల ర్యాక్‌కి ఎదురుగానే ఉంటుంది. బయట 44 డిగ్రీలు ఉంది కదా అని ధీమాగా ఉంటాం, లోపల అట్టలు తేమ తాగుతూ ఉంటాయి. మన దగ్గర ర్యాక్‌కి రెండు వానాకాలాలు అని నేను అంటున్నది అందుకే.

బూజుకి రోజుల తరబడి 65 శాతం పైన తేమ దొరికితే చాలు. 40 నుంచి 55 మధ్య ఉంచగలిగితే నిశ్చింత. మరీ 30 కన్నా తగ్గితే అట్టలు పెళుసవుతాయి, లేబుళ్ల అంచులు లేస్తాయి. ఇదంతా ఊహించుకుంటే తెలియదు, గాలిలో తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి కొను. కొన్నాక వెంటనే నమ్మకు. సీసా మూతలో టేబుల్ సాల్ట్ పోసి, నీళ్లు చుక్కలు చుక్కలుగా వెయ్యి. ఉప్పు కరిగిపోకుండా ముద్దగా ఉండాలి. ఆ మూతనీ మీటర్‌నీ ఒక జిప్ కవర్లో పెట్టి రాత్రంతా వదిలెయ్. పొద్దున 75 చూపించాలి. 70 చూపిస్తే ఎప్పుడు చదివినా ఐదు కలుపుకో. ఆ మీటర్‌ని హాల్ మధ్యలో కాకుండా అల్మారా మూలలో, గోడకి దగ్గరగా పెట్టు. వానకి తడిసిన గోడ చల్లగా ఉంటుంది. గది మధ్యలో 65 ఉన్నప్పుడు ఆ మూలలో 80 ఉండొచ్చు. నీ చుక్కలు మూలల్లోనే ఎందుకు లేచాయో ఇప్పుడు అర్థమైంది కదా.

దేవరకొండ_8బిట్:
ఇంత లెక్కలు ఎందుకన్నా? బట్టల బీరువాలో వేసినట్టు నాలుగు కలరా ఉండలు వేస్తే పోయేదానికి. మా ఇంట్లో అంతే చేస్తాం. కుదిరితే ఇంత కర్పూరం.

క్యాసెట్_భాయ్:
వద్దు తమ్ముడూ, దయచేసి ఆ పని చేయకు. కలరా ఉండలు పురుగు కోసం. వాటితో తేమ ఒక్క శాతం కూడా తగ్గదు. పైగా నాఫ్తలీన్ ఆవిరి పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. ప్లేస్టేషన్ 1 సీడీల కేసులు, చిన్నగా పడేసినా చిట్లిపోతాయి చూడు, ఆ ప్లాస్టిక్ అదే. మూసిన డబ్బాలో ఆ ఆవిరి ఎక్కడికీ పోదు. కర్పూరాన్ని కూడా ప్లాస్టిక్ దగ్గరికి రానివ్వకు. బియ్యం గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా: బియ్యం తేమని పెద్దగా లాగదు, దుమ్ము, పురుగు మాత్రం తెస్తుంది.

ర్యాక్_రాజా_నల్గొండ:
కూలర్ మాట ఒప్పుకుంటున్నా, ఆ కోణం నాకు తట్టలేదు. కానీ నీ డబ్బాలు జనం ఎక్కడ పెడతారు? సజ్జ మీద. మే నెలలో స్లాబ్ కింద ఆ సజ్జ ఎంత కాలుతుందో చేయి పెట్టి చూడు. తేమ నుంచి కాపాడి ఎండకి వండుతున్నట్టే కదా? ఇంకోటి, డిస్కులకి బూజు పడుతుందంటే నేను నమ్మను. అది ప్లాస్టిక్. కాగితానికి మాత్రమే టెన్షన్.

క్యాసెట్_భాయ్:
సజ్జ విషయంలో అన్న మాట నూటికి నూరు పాళ్లు నిజం. డబ్బా సజ్జ మీద వద్దు, నేల మీద కూడా వద్దు. లోపలి గోడ పక్కన, నేలకి జానెడు ఎత్తులో ఉండాలి.

డిస్కుల దగ్గర మాత్రం ఒప్పుకోను. సీడీ వేరు, డీవీడీ వేరు. డీవీడీలో అద్దంలా మెరిసే అల్యూమినియం పొర 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పలకలు రెండింటి మధ్య ఉంటుంది. సీడీలో ఆ పొర పైవైపు, బొమ్మ అచ్చు వేసిన వైపు ఉంటుంది. దాని మీద పల్చటి వార్నిష్ లాంటి పూత తప్ప రక్షణ లేదు. అందుకే సీడీ కింద గీత పడితే చాలాసార్లు బాగుచేయొచ్చు కానీ, లేబుల్ వైపు గీత పడితే ఆ డేటా పోయినట్టే. ఆ గీతలోంచే తేమ దిగి అల్యూమినియం తినేస్తుంది. లైట్‌కి అడ్డం పెట్టి చూస్తే సూదిమొనంత చుక్కలు వెలుగుతాయి. ప్లేస్టేషన్ 1 గేమ్‌లన్నీ సీడీలే, కింద నల్లగా ఉంటాయి. ప్లేస్టేషన్ 2లో కింద నీలం రంగు ఉన్నవి సీడీలు, వెండి రంగువి డీవీడీలు. ముందుగా కాపాడాల్సింది నల్లవి, నీలంవి. ఇక బూజు డిస్క్‌ని తినదు అనేవారికి: 2001లో బెలిజ్ దేశం నుంచి వచ్చిన ఒక సీడీలో శిలీంధ్రం లోపలి పొరను తిన్నట్టు శాస్త్రవేత్తలు గుర్తించారు. అది వేడి, తేమ బాగా ఉన్న దేశం, రోజూ జరిగేది కాదు. కానీ జరగదు అనడానికి మాత్రం లేదు.

హార్డ్‌డిస్క్_ఒక్కటి_చాలు:
అన్నీ బ్యాకప్ తీసి హార్డ్ డిస్క్‌లో పెట్టుకోండి, గొడవ ఉండదు. అట్టపెట్టెలకి ఇంత రామాయణమా?

ర్యాక్_రాజా_నల్గొండ:
బ్యాకప్ ఉండాలి, కాదనను. కానీ నా దగ్గర ‘హనుమాన్: బాయ్ వారియర్’ ఉంది. 2009లో ప్లేస్టేషన్ 2 కోసం మన హైదరాబాద్‌లో తయారైన గేమ్. సోనీ 2013లో ఆ కన్సోల్ తయారీనే ఆపేసింది. ఆ కవర్, ఆ మాన్యువల్ బూజు పట్టి పోతే హార్డ్ డిస్క్ తిరిగి ఇస్తుందా? మనవాళ్లు చేసిన పని అది, చేత్తో పట్టుకునే రూపంలో ఉండాలి. సరే భాయ్, దాన్ని, సీడీలని డబ్బాలోకి మారుస్తాను. డీవీడీలు, క్యాసెట్లు మాత్రం ర్యాక్‌లోనే ఉంటాయి. ర్యాక్ కూలర్ లేని గదిలోకి వెళ్తుంది. ఇంతకు మించి నేను దిగను.

పాలమూరు_ప్లేయర్:
అందరికీ థ్యాంక్స్ అన్నా. మూత ఇప్పుడు వద్దంటే చుక్కలు లేచిన వాటిని అప్పటిదాకా ఏం చేయాలి?

క్యాసెట్_భాయ్:
ఈ రోజే ఆ అల్మారా ఖాళీ చెయ్. చుక్కలున్నవి, లేనివి వేరు చెయ్. చుక్కలున్న వాటిని తడిగుడ్డతో తుడవకు, బూజు ఇంకా లోపలికి వెళ్తుంది. ఫ్యాన్ కింద నేరుగా పెట్టకు, ఆ పొడి ఇల్లంతా లేస్తుంది. వాన లేని పూట వరండా నీడలో ఆరనిచ్చి, మాస్క్ కట్టుకుని, మెత్తటి బ్రష్‌తో ఇంటి బయట దులుపు. ఎండలో గంటలు గంటలు పెడితే కవర్ల రంగు వెలిసిపోతుంది. ప్లాస్టిక్ కేసులని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు, అచ్చు కాగితాల మీద మాత్రం వద్దు. డిస్కుని నడుమ నుంచి అంచుకి తుడవాలి, గుండ్రంగా కాదు.

క్యాసెట్ల పిన్నులకి 99 శాతం ఆల్కహాల్, ఇయర్‌బడ్ చాలు. చిన్నప్పటి అలవాటుగా నోటితో ఊదకు, ఆ ఉమ్మి తడికే రాగి పచ్చబడుతుంది. సేవ్ చేసుకునే క్యాసెట్లలో లోపల బటన్ సెల్ ఉంటుంది, అది కారిందేమో విప్పి చూడు.

శుభ్రమైన సరుకుని లోపలి గదిలో, గోడకి నాలుగు అంగుళాలు ఎడంగా ర్యాక్ మీద పెట్టు. నవంబర్ చివర్లో మీటర్ వారం పాటు 50 దగ్గర నిలిచాక డబ్బాల్లోకి ఎత్తు. సిలికా జెల్ ఆరెంజ్ రంగుది కొను. నీలం రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, వంటింటి ఓవెన్‌లోకి అది రాకూడదు. ఆరెంజ్ గుళికలు ఆకుపచ్చకి తిరిగితే నిండినట్టు. 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడి చేస్తే మళ్లీ పనికొస్తాయి. ఆ గోడకి బయటివైపు పగుళ్లు పూడ్చి వాటర్‌ప్రూఫింగ్ చేయించేదాకా కడప బండల మీద గేమ్‌లు తిరిగి పెట్టకు, స్టీలు గిన్నెలు పెట్టుకో.