రింగ్ బయటి నుంచి ఓనర్ కుక్కను పిలవడం హ్యాండ్లింగ్‌లో భాగమా, కాదా?

గుంటూరు షెపర్డ్
అందరికీ నమస్కారం. మాది జీఎస్‌డీ (జర్మన్ షెపర్డ్), మగది, 14 నెలలు. మొన్న ఒక ఆల్‌బ్రీడ్ షోలో (అన్ని జాతుల కుక్కలూ వచ్చే షో) కుక్కని నడిపించి జడ్జికి చూపించే హ్యాండ్లర్ చేతికిచ్చి రింగ్‌లోకి పంపాం. నేను తాడు బయట నిలబడి పేరు పెట్టి పిలిచాను, ఈల వేశాను. వాడు చెవులు నిక్కబొడిచి, మెడ ఎత్తి, లీష్ లాగుతూ అద్భుతంగా పరిగెత్తాడు. రెండో రౌండ్‌కి రింగ్ నిర్వహణ చూసే స్టీవార్డ్ వచ్చి నన్ను అక్కడి నుంచి వెళ్లిపొమ్మన్నారు. షెపర్డ్‌లకే జరిగే స్పెషాలిటీ షోలకి వెళ్తే అందరూ పిలుస్తూనే ఉంటారు కదా! అక్కడ ఒప్పయింది ఇక్కడ తప్పెలా అయింది? కుక్కకి మందు పెట్టలేదు, రంగు వెయ్యలేదు. పిలిచానంతే.

రింగ్‌సైడ్
ముందు రూల్ సంగతి. ఎఫ్‌సీఐ (కెన్నెల్ క్లబ్‌ల అంతర్జాతీయ సమాఖ్య) షో నిబంధనల్లో డబుల్ హ్యాండ్లింగ్ నిషేధమని స్పష్టంగా ఉంది. రింగ్ బయటి నుంచి కుక్క దృష్టిని లాగే ప్రయత్నం ఏదైనా దాని కిందకే వస్తుంది, పిలుపైనా ఈలైనా బొమ్మ ఊపినా. మన కేసీఐకి (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) ఎఫ్‌సీఐతో అనుబంధం ఉంది. స్టీవార్డ్ గారు తన పని తను చేశారు.

రూల్ లేకపోయినా నేను వద్దనే అంటాను. షెపర్డ్ బ్రీడ్ స్టాండర్డ్ (ఆ జాతి కుక్క ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం) చదవండి. మగదైతే ఎత్తు 60 నుంచి 65 సెంటీమీటర్లు, బరువు 30 నుంచి 40 కిలోలు అని కొలతలున్నట్టే, గట్టి నరాలుండాలి, తన మీద తనకి నమ్మకం ఉండాలి అని స్వభావం గురించీ ఉంది. కొత్త చోట, కొత్త మనుషుల మధ్య, పక్కన వేరే కుక్కలుండగా ఇది ఎలా నిలబడుతుందో జడ్జికి కనిపించేది ఆ రెండు మూడు నిమిషాల్లోనే. ఆ కాసేపూ ఓనర్ గొంతు వినిపిస్తూ ఉంటే, ఆ ధైర్యం కుక్కదో ఓనర్‌దో జడ్జికి ఎలా తెలుస్తుంది?

షెపర్డ్ పిచ్చి
అన్నా, నేను ఒప్పుకోను. షెపర్డ్‌ని అన్ని బ్రీడ్‌ల లెక్కల కలిపి చూస్తే ఎట్ల? 1899లో వాన్ స్టెఫానిట్జ్ ఎస్‌వీ అనే జర్మన్ షెపర్డ్‌ల క్లబ్ పెట్టిందే పనిచేసే కుక్క కోసం. జర్మనీల ఆ క్లబ్ పెట్టే పెద్ద షెపర్డ్ పోటీ, సీగర్ షో చూడండి. పెద్ద స్టేడియం, రౌండ్ల మీద రౌండ్లు, కుక్క హ్యాండ్లర్ కన్నా ముందుండి లీష్ గుంజుకుంటూ పోతది, ఓనర్లు బయట ఉరుకుతూ పిలుస్తుంటరు. ఎవరూ దాచిపెట్టి చేసేది కాదు, జడ్జి కళ్ల ముందే జరుగుతది.

ఎందుకంటే షెపర్డ్ ట్రాటర్. ముందు కుడి కాలు, వెనక ఎడమ కాలు ఒకటేసారి పడుకుంట గంటల తరబడి మందల వెంట తిరిగే నడక దానిది. రింగ్‌ల ఉత్తగ తిప్పితే రెండు రౌండ్లకి విసుగొస్తది, తల దించుతది, సగం నడకే చూపెడతది. పిలిస్తే వెనక కాళ్ల తోపు మొత్తం బయటపడతది. నరాల సంగతి అంటరా, దానికి వేరే పరీక్షలున్నయి. జర్మనీల పెద్ద కుక్కల క్లాసుకి రావాల్నంటే ముందు పని పరీక్ష పాస్ కావాలె, తుపాకీ శబ్దానికి బెదరొద్దు. అది తేలినంక పిలిస్తే దాచేదేముంది?

డోబీ అమ్మ
దాచేదేమీ లేకపోవచ్చు తమ్ముడూ. కానీ పక్క రింగ్‌లో నా డోబర్‌మన్ ఆడపిల్ల పళ్లు చూపిస్తూ నిలబడి ఉంది. మీ వాళ్ల ఈలకి గిరుక్కున తిరిగింది, జడ్జి చెయ్యి తీసేశారు. మీ కుక్క కోసం నా కుక్క ఎందుకు నష్టపోవాలి? ఆల్‌బ్రీడ్ షోలో రింగ్‌కీ రింగ్‌కీ మధ్య ఒక తాడే కదా అడ్డం.

రింగ్‌సైడ్
షెపర్డ్ పిచ్చి గారూ, మీరు చెప్పిన పద్ధతిలో ఆ పరీక్షలూ పిలుపూ కలిసే ఉన్నాయి. మనవాళ్లు పరీక్షలు అక్కడే వదిలేసి, పిలుపొక్కటీ ఇక్కడికి తెచ్చుకున్నారు. నా అభ్యంతరం అక్కడే. ఆల్‌బ్రీడ్ రింగ్‌లో నిలబడిన కుక్కకి పని పరీక్ష సర్టిఫికెట్ అడిగేవాళ్లు లేరు. స్వభావం చూడ్డానికి జడ్జికి ఉన్నది ఆ రింగే.

ఇక నడక. లీష్ బిగదీసి లాగుతున్న కుక్క తన ముందు బరువులో కొంత మెడపట్టీ మీద వేస్తుంది. ముందు కాళ్లు నేలకి ఆనకముందే గాల్లో బారుగా చాచుకుంటాయి. భుజం నిటారుగా ఉన్న కుక్క కూడా అప్పుడు దూరం అందుకుంటున్నట్టు కనిపిస్తుంది. మెడ పైకి లేవడంతో వీపు కూడా వెనక్కి చక్కగా వాలినట్టు అనిపిస్తుంది. లీష్ వదులుగా పెట్టి అదే కుక్కని నడిపించండి, నిజం తెలుస్తుంది. అనుభవమున్న జడ్జి 'లూజ్ లీష్' అని అడిగేది అందుకే.

మంచి హ్యాండ్లర్‌కి బయటి గొంతు అక్కర్లేదు. కుక్క ఎడమవైపు, రింగ్ అపసవ్యంగా తిరుగుతాడు, జడ్జికీ కుక్కకీ మధ్య తను అడ్డం రాడు. తిన్నగా వెళ్లేటప్పుడు కుక్క వంక చూడడు, ఎదురుగా దూరంలో ఒక గుర్తు పెట్టుకుని దాని మీదకే నడుస్తాడు, కుక్క కూడా తిన్నగానే వస్తుంది. మలుపు వెడల్పుగా తీసుకుంటాడు. వేగం కుక్కని బట్టి ఉంటుంది. మనవాళ్లు చేసేది దీనికి తలకిందులు, షెపర్డ్ అనగానే దౌడు తీయిస్తారు. తిరిగి జడ్జి దగ్గరికి వచ్చేటప్పుడు చివరి నాలుగడుగుల్లో నెమ్మదించి, కుక్కని దానంతట అదే ఆగనిస్తాడు. కాలు వంకరగా పడితే వంగి సర్దడు, ఒక్కడుగు ముందుకేయిస్తాడు. షెపర్డ్‌కైతే జడ్జి వైపున్న వెనక కాలు కాస్త వెనక్కి, దాని మడమ కింది భాగం నేలకి నిట్టనిలువుగా, రెండో కాలు పొట్ట కిందికి రావాలి. ఇది ఇంటి దగ్గర రోజూ అయిదేసి నిమిషాలు చేయిస్తే వస్తుంది. షో పొద్దున నేర్పితే రాదు.

చెవుల కోసమా? జేబులో నాలుగు ఉడికించిన కార్జం ముక్కలు చాలు. అది కూడా జడ్జి చూస్తున్నప్పుడే తీయాలి. రింగ్ అంతా నోట్లో కుక్కుతూ ఉంటే పళ్లు చూసేటప్పటికి నోరంతా ముద్ద, జడ్జికి చిరాకు.

జెర్సీ తెలుగింటి గోల్డీ
న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. అసలు ఇక్కడ అడగాల్సిన ప్రశ్న వేరే ఉందనిపిస్తోంది. గుంటూరు అన్నయ్యా, ఆ హ్యాండ్లర్‌కి మీ వాణ్ని ఎప్పుడిచ్చారు? షో రోజు పొద్దునేనా? అలా అయితే వాడు రింగ్‌లో వెతికేది మిమ్మల్నే. మీ పిలుపుకి వాడు లాగింది ఉత్సాహంతో అని మీరనుకుంటున్నారు, మీ దగ్గరికి రావాలని కావచ్చు.

ఇక్కడ ఏకేసీ (అమెరికన్ కెన్నెల్ క్లబ్) షోల్లో ప్రొఫెషనల్స్ కాని ఓనర్ల కోసమే విడిగా ఓనర్-హ్యాండ్లర్ పోటీ నడుస్తుంది. మా గోల్డెన్ రిట్రీవర్‌ని నేనే చూపిస్తాను. ప్రొఫెషనల్ చేతిలో ఉన్న కుక్కలతో తలపడటం కష్టమే, వాళ్ల చేతి ఒడుపు వేరు. కానీ నా కుక్క ఎవరికోసమో వెతకదు, నేను పక్కనే ఉంటాను కాబట్టి.

గుంటూరు షెపర్డ్
అవునమ్మా, షో రోజు పొద్దునే ఇచ్చాం. హ్యాండ్లర్‌కి ఆ రోజు ఇంకా చాలా కుక్కలున్నాయి, ముందు టైం ఇవ్వలేనన్నారు. నాకు మోకాళ్ల నొప్పులు, షెపర్డ్‌తో సమానంగా పరిగెత్తలేను. నాలాంటివాళ్లు ఏం చెయ్యాలి మరి?

రింగ్‌సైడ్
మీరే పరిగెత్తాలని ఎవరూ అనరండీ. హ్యాండ్లర్ వేరే ఉండటం తప్పు కాదు, పరిచయం లేకుండా అప్పజెప్పడం తప్పు. షోకి వారం పది రోజుల ముందైనా కుక్కని ఆయన దగ్గర ఉంచండి. అన్నం ఆయన చేత్తో తినాలి, షికారు ఆయనతో వెళ్లాలి. అంత టైం లేదన్న హ్యాండ్లర్‌ని వద్దనండి. మీ ఊళ్లోనే కుర్రాడెవరైనా ఉంటే నేర్పించుకోండి. షో రోజు మాత్రం మీరు కనపడకండి. గాలి మీ వైపు నుంచి రింగ్‌లోకి వీచే చోట అస్సలు నిలబడొద్దు, చూడకపోయినా వాసన పట్టేస్తుంది.

షెపర్డ్ పిచ్చి
డోబీ అమ్మ చెప్పింది న్యాయమే. ఆల్‌బ్రీడ్ రింగ్ కాడ పిలవొద్దు, ఒప్పుకుంటున్న. స్పెషాలిటీల మాత్రం నేను పిలుస్త. అక్కడ ఉన్నోళ్లందరికీ ఆ పద్ధతి తెలుసు, అన్ని కుక్కలకీ అదే అవకాశం.

డోబీ అమ్మ
అందరికీ అదే అవకాశం ఎక్కడుంది తమ్ముడూ? ఒకాయన వెనక అయిదుగురు పనివాళ్లు నాలుగు మూలలా నిలబడి డబ్బాలు మోగిస్తారు. ఇంకొకాయన బస్సులో ఒక్కడే వస్తాడు, కుక్కని తనే పట్టుకుంటాడు. ఆయన కుక్కని బయటి నుంచి ఎవరు పిలవాలి?

షెపర్డ్ పిచ్చి
దానికి నా దగ్గర జవాబు లేదక్కా. రింగ్‌కి ఒక్క మనిషే పిలవాలని స్పెషాలిటీ వాళ్లు పెడితే నాకు సమ్మతమే.

రింగ్‌సైడ్
ఒక్కరికైనా నాకు సమ్మతం కాదు. బస్సులో వచ్చినాయనకి ఆ ఒక్కరూ ఉండరు.