సముద్రపు నీటితో నడిచే థర్మల్ ప్లాంట్లు: 7 డిగ్రీల నిబంధన చేపల వేటకు రక్షణేనా?

గట్టుమీద: నిబంధన ఇదీ. సముద్రపు నీటితో కండెన్సర్ (టర్బైన్ ఆవిరిని తిరిగి నీరుగా మార్చే భాగం) చల్లార్చుకునే ప్లాంటు తిరిగి వదిలే నీటివల్ల అక్కడి సముద్రం 7 డిగ్రీలకు మించి వేడెక్కకూడదు. ఇది చాలంటారా?

టర్బైన్‌రావు: చాలు. 500 మెగావాట్ల యూనిట్ కండెన్సర్ వదిలే వేడి 600 మెగావాట్ల పైమాటే. దాన్ని 7 డిగ్రీల్లో సర్దాలంటే సెకనుకు 20 ఘనపు మీటర్లకు పైగా నీరు తోడాలి. డిఫ్యూజర్ల (నీటిని చాలా రంధ్రాల్లోంచి చిమ్మే పైపుల) గుండా వదిలితే కొన్ని వందల మీటర్లలో కలిసిపోతుంది. సముద్రం చెరువు కాదు.

అలివివల: ఆ 20 ఘనపు మీటర్లతోనే గొడవ. బయటికొచ్చేది సరే, లోపలికి పోయేదాని సంగతేంటి? నీరు తోడేచోట చెత్తను ఆపే తిరుగుడు జల్లెడ, ట్రావెలింగ్ స్క్రీన్ కన్ను ఇంచుమించు 10 మిల్లీమీటర్లు, చేపగుడ్డు ఒక మిల్లీమీటరు. పంపులో నలిగి, కండెన్సర్‌లో ఉడికి బయటపడుతుంది. పైపుల్లో గుల్లలు పట్టకుండా క్లోరిన్ వేస్తారు కదా, అది గుల్లపిల్లను చంపి రొయ్యపిల్లను వదిలేస్తుందా?

టర్బైన్‌రావు: ఫ్రీ క్లోరిన్ లీటరుకు 0.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇంటేక్ (నీరు తోడే చోటు) దగ్గర నీటి వేగం సెకనుకు 15 సెంటీమీటర్ల లోపు ఉంచితే చేప ఈది తప్పించుకుంటుంది.

అలివివల: గుడ్డు కూడా ఈదుతుందా రావుగారూ?

నీలిపడవ: 😂

లెక్కలమాస్టారు: 7 డిగ్రీలు దేనిమీద, అది చూడండి. 15 డిగ్రీల నీటికి 7 కలిస్తే 22, చేప తట్టుకుంటుంది. మన దగ్గర ఎండాకాలం ఒడ్డునీరే 30. మన చేపలు ఓర్చుకునే హద్దు పక్కనే బతుకుతున్నాయి. పైగా వేడినీరు తేలిక, పైపొరలోనే పరుచుకుంటుంది. అడుగున కొలిస్తే రిపోర్టు బ్రహ్మాండంగా వస్తుంది. అబద్ధమాడే పనే లేదు.

టర్బైన్‌రావు: అయితే కూలింగ్ టవర్లు కట్టమనండి, అదే నీటిని గాలితో చల్లార్చి మళ్లీ మళ్లీ తిప్పుతాయి. విశాఖ దగ్గరి సింహాద్రి ప్లాంటులో 2,000 మెగావాట్లకు సముద్రపు నీటితోనే టవర్లు నడుస్తున్నాయి. తోడే నీరు దాదాపు ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. కానీ వదిలే నీటిలో ఉప్పు లీటరుకు 35 గ్రాముల నుంచి 45 దాకా పోతుంది. ఆ నీరు బరువు, అడుగుకు దిగుతుంది. అప్పుడు అడుగు రొయ్య పోయిందని మళ్లీ మీరే వస్తారు.

అలివివల: వస్తాం, పోతే రామా మరి? బొగ్గు జెట్టీ సంగతి కూడా చెప్పండి. తూర్పు తీరంలో ఇసుక మొత్తమ్మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. జెట్టీకి అలలు తగలకుండా కట్టే గోడ, బ్రేక్‌వాటర్ అడ్డం పడితే దక్షిణాన మేట, ఉత్తరాన కోత. అలివి వల (ఒడ్డుమీద నిలబడి లాగే వల) లాగాలంటే చదునైన ఒడ్డుండాలి. ఒడ్డే కోసుకుపోయాక నీరు 7 డిగ్రీలు పెరిగితే ఎంత, పెరక్కపోతే ఎంత?

టర్బైన్‌రావు: టాపిక్ మార్చకండి. మరబోట్లు, సన్నకన్ను వలలు చేపను ఊడ్చేయడం లేదా? ఖాళీ వల కనపడితే చాలు, ప్లాంటును తిట్టడం. మీకు కావాల్సింది పరిహారం. ఆ ముక్క సూటిగా చెప్పొచ్చుగా!

అలివివల: అవును, పరిహారమే. సిగ్గేముంది? 2013 భూసేకరణ చట్టం మత్స్యకారులను ప్రభావిత కుటుంబాల్లో చేర్చింది. కానీ బతుకుతెరువు పోయింది భూమి తీసుకోవడం వల్లే అయ్యుండాలి. నీరు వేడెక్కి చేప పోతే ఆ సెక్షన్ వర్తించదు. పొలం పోయినవాడి చేతిలో పట్టా ఉంది. సముద్రానికి పట్టా ఎవడిచ్చాడు?

లెక్కలమాస్టారు: గుజరాత్‌లో ముంద్రా మత్స్యకారులు అక్కడి థర్మల్ ప్లాంటుకు అప్పిచ్చిన ఐఎఫ్‌సీ (ప్రపంచ బ్యాంకు గ్రూపు సంస్థ) మీద అమెరికా కోర్టుకెళ్లారు. ఐఎఫ్‌సీకి దావాల నుంచి పూర్తి రక్షణ లేదని 2019లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అయినా తర్వాత కింది కోర్టుల్లో కేసు నిలవలేదు.

టర్బైన్‌రావు: నష్టం ఎంతో రుజువు కావాలి కదా. ప్లాంటుకు ముందు ఎంత చేప పడేదో లెక్క లేకుండా ఎంతని ఇస్తారు?

అలివివల: ఆ లెక్క తీయాల్సింది ప్లాంటు పెట్టేవాడు. ఒక్క సీజన్ కొలిచి, వానాకాలం వదిలేసి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) అయిపోయిందంటే లెక్క ఎక్కడినుంచి వస్తుంది? ఇంకోటి చెప్పండి. చేప గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు కట్టేస్తారు. ఆ 61 రోజులు మీ ఇంటేక్ పంపు ఆగుతుందా?

టర్బైన్‌రావు: పంపు ఆగితే యూనిట్ ట్రిప్ అవుతుంది, అంటే ఉన్నపళంగా ఆగిపోతుంది.

నీలిపడవ: ఓవర్‌హాల్ (యూనిట్ ఆపి చేసే పెద్ద మరమ్మతు) ఆ రెండు నెలల్లోనే పెట్టుకోవచ్చుగా అన్నా?

టర్బైన్‌రావు: కరెంటు డిమాండు మండిపోయేది కూడా అప్పుడే. ఏ గ్రిడ్డూ ఒప్పుకోదు.

అలివివల: మరి మా దగ్గర ఒప్పుకోలు ఎవరు తీసుకున్నారు?