పక్కింటాయనకు రోజుకో మాత్ర, మాయమ్మకు ఎర్ర కీమో. ఎందుకు?

చంద్రగిరి కుర్రోడు:
మాయమ్మకు 56 ఏళ్ళు, రొమ్ము క్యాన్సర్. తిరుపతిలో ఆపరేషన్ అయింది, రెండు కీమోలు పడ్డాయి. నన్నారి షర్బత్ మాదిరి ఎర్రగా ఉంటుంది ఆ మందు. రెండోదానికల్లా జుట్టంతా పోయింది. మా పక్కింటాయనకూ క్యాన్సరే, రక్తంలో. రోజూ అన్నం తిని ఒక మాత్ర వేసుకుని, టీవీఎస్ మీద పాలు పోసి వస్తాడు. అమ్మ నన్ను అడుగుతోంది: "ఆయప్ప మాత్ర నాకెందుకు రాయరు? మన దగ్గర డబ్బుల్లేవనా?" ఓపీలో డాక్టరును అడుగుదామంటే వెనక వందమంది. ఆమెకు ఏం చెప్పేది?

చిత్తూరు ఫార్మసిస్ట్ (రిటైర్డ్):
డబ్బుల సంగతి కాదని ముందు అమ్మకు చెప్పు బాబూ. ఆస్పత్రిలో కీమో మందులు కలిపే గదిలో తొమ్మిదేళ్ళు పనిచేశాను, కాబట్టి కాస్త చెప్పగలను.

ఆ ఎర్రది డాక్సోరూబిసిన్ అయి ఉంటుంది. మట్టిలోని ఒక బ్యాక్టీరియా నుంచి తీసిన మందు. కణం రెండు కావాలంటే ముందు డీఎన్ఏకు నకలు తీసుకోవాలి. డీఎన్ఏ అంటే రెండు పోగులతో మెలి తిరిగిన నిచ్చెన లాంటిది. ఈ మందు పోయి ఆ మెట్ల సందుల్లో ఇరుక్కుంటుంది. నకలు ఆగిపోతుంది, పోగులు తెగుతాయి. దాంతోపాటు రంగు లేని మందు ఇంకోటి ఎక్కిస్తారు చూడు, సైక్లోఫాస్ఫమైడ్, అది రెండు పోగులనూ కలిపి ముడేస్తుంది. ముడి విప్పుకోలేక కణం చస్తుంది.

చిక్కేమిటంటే వీటికి మంచి కణం, చెడ్డ కణం అన్న తేడా పెద్దగా తెలీదు. ఏది గబగబా చీలుతుంటే దాన్ని పట్టుకుంటాయి. జుట్టు కుదుళ్ళు, నోటి లోపలి పొర, ఎముక మజ్జ అలా చీలేవే. జుట్టు ఊడేది, నోరు పూసేది, రక్తకణాల కౌంట్ పడిపోయేది అందుకే. రెండు కీమోల మధ్య వారాలు వదిలేదీ మంచి కణాలు తేరుకోవడానికే. ఎర్ర మందు ఎక్కాక ఒకట్రెండు రోజులు ఒంటేలు ఎర్రగా వస్తే రక్తమని హడలిపోవద్దు. ఇది గుండెకు కొంచెం బరువు. అందుకే ముందు ఎకో తీస్తారు, జీవితం మొత్తానికి ఇంతకు మించకూడదని లెక్క పెట్టుకుంటారు.

పక్కింటాయనది బహుశా సీఎంఎల్ అనే రకం రక్త క్యాన్సర్. అందులో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై, ఆఫ్ కాని స్విచ్ లాంటి ప్రోటీన్ ఒకటి పుడుతుంది. ఇమాటినిబ్ మాత్ర సరిగ్గా ఆ స్విచ్‌లో దూరి దాన్ని ఆపుతుంది. అమ్మ గడ్డలో ఆ స్విచ్చే లేదు, ఇక మాత్ర వేసుకుని ఏం లాభం? డబ్బు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఆ మాత్ర ఒకప్పుడు నెలకు లక్ష పైమాటే. 2013లో సుప్రీంకోర్టు దాని పేటెంట్ కుదరదన్నాక మన కంపెనీల చవక మందుకు అడ్డు తొలగింది.

అమ్మ బయాప్సీ రిపోర్టులో ఈఆర్, పీఆర్ (గడ్డ కణాల్లో ఆడ హార్మోన్లను పట్టుకునేవి), హెర్2 (గడ్డను పెంచే ఒక ప్రోటీన్) అని ఉంటాయి. ఏముందో చూసి రాయి.

పలమనేరు రైతు:
క్యాన్సర్ మందు బిళ్ళగన్నేరు నుంచే చేస్తారంట కదా. మా ఇంటి ముందర పొదలు పొదలుగా ఉంది. రోజూ పరగడుపున నాలుగాకులు నమిలిస్తే పోలేదా?

చిత్తూరు ఫార్మసిస్ట్ (రిటైర్డ్):
అన్నా, ఆ పని మాత్రం వద్దు! విన్‌క్రిస్టిన్ బిళ్ళగన్నేరుదే, నిజం. కానీ క్వింటాళ్ళకొద్దీ ఆకు నుంచి తీస్తే రవ్వంత వస్తుంది. దాన్ని రక్తనాళంలోకే ఎక్కించాలి, పొరపాటున వెన్నులోకి పోతే ప్రాణమే పోతుంది. అంత విషం ఉన్న ఆకును, కీమోతో కౌంట్ పడిపోయిన మనిషి చేత నమిలిస్తారా?

పుత్తూరు అక్క:
తమ్ముడూ, నాకూ ఇదే అయింది. ఎర్రది నాలుగు పడ్డాక పాక్లిటాక్సెల్ ఇచ్చారు. వాంతులు తగ్గాయి గానీ వేళ్ళు మొద్దుబారి రవిక హుక్కులు కూడా పెట్టుకోలేకపోయా. మా ఆయనే పెట్టేవాడు, తిట్టుకుంటూ. జుట్టు మళ్ళీ వచ్చింది, ఈసారి ఉంగరాలు తిరిగి!

చిత్తూరు ఫార్మసిస్ట్ (రిటైర్డ్):
అమ్మా, అది యూ అనే చెట్టు బెరడు నుంచి మొదట తీసిన మందు. కణం చీలేటప్పుడు లోపల సన్నటి దారాలు పుట్టి, పని కాగానే కరిగిపోవాలి. బిళ్ళగన్నేరు మందు దారాల్ని పుట్టనివ్వదు, మీ మందు కరగనివ్వదు. ఎటు తిరిగినా కణం చీలలేదు. అలాంటి దారాలే నరాల్లోనూ ఉంటాయి, మీ వేళ్ళు మొద్దుబారింది అందుకే.

చంద్రగిరి కుర్రోడు:
రిపోర్ట్ చూశా సార్. ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్2 నెగటివ్. ముట్లు ఆగి ఐదేళ్ళయింది.

చిత్తూరు ఫార్మసిస్ట్ (రిటైర్డ్):
అట్లయితే అమ్మకూ మాత్ర ఉంటుంది! ఈఆర్ పాజిటివ్ అంటే ఆ గడ్డకు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఎరువు లాంటిది. ముట్లాగిన వాళ్ళలో దాన్ని ఎక్కువగా ఒంట్లోని కొవ్వు తయారుచేస్తుంది. లెట్రోజోల్ లాంటి మాత్ర ఆ తయారీని ఆపేస్తుంది. మామూలుగా కీమో అంతా అయ్యాక రోజుకొకటి, కనీసం ఐదేళ్ళు. కీళ్ళు నొప్పిగా ఉండొచ్చు, ఎముకల పరీక్ష చేయిస్తారు. హెర్2 పాజిటివ్ అయ్యుంటే ట్రాస్టుజుమాబ్ అని వేరే ఇంజెక్షన్ దారి, అది మీకు అక్కర్లేదు. ఏ మాత్ర, ఎప్పటి నుంచి అన్నది మీ డాక్టరే రాయాలి. ఈసారి ఓపీలో ఈ ఒక్క ప్రశ్న చీటీ మీద రాసుకుపో.

చంద్రగిరి కుర్రోడు:
అమ్మకు చదివి వినిపించా సార్. "నాకూ మాత్ర వస్తుందా? అయితే ఆ ఎర్రదాన్ని తొందరగా అవగొట్టమను" అంది.