చెరిపేసిన రాత మళ్లీ ఎలా చదవగలుగుతున్నారు?

ప్రశ్న – భార్గవి

చర్మపత్రాల మీది పాత రాతను చెరిపి, ఆ పత్రాల మీదే మరో గ్రంథం రాసుకున్న ప్రతులను పాలింప్సెస్ట్‌లు అంటారని చదివాను. ఆర్కిమిడీస్ రచనలు ఒక క్రైస్తవ ప్రార్థన పుస్తకం అడుగున దొరికాయని తెలిసినప్పటి నుంచి నన్ను రెండు సందేహాలు వదలడం లేదు. కడిగి, గీకి, పైన ఇంకొకటి రాసిన తరువాత కూడా అడుగు రాత ఎలా మిగిలింది? అంతటి గ్రంథాన్ని చెరపడానికి ఆ లేఖకులకు చేతులెలా వచ్చాయి? దానికి మతద్వేషమే కారణమా?

జవాబు – రఘురామ్

మీ మొదటి సందేహానికి సమాధానం సిరాలోనే ఉంది. మధ్యయుగంలో చర్మపత్రాల మీద రాయడానికి ఎక్కువగా వాడినది మాచికాయల కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపి, జిగురు చేర్చి తయారు చేసిన సిరా. మసితో చేసిన సిరా పైపొరగా నిలుస్తుంది కనుక తడికి చాలావరకు లొంగిపోతుంది. ఈ ఇనుప సిరా మాత్రం చర్మంలోకి ఇంకి, గాలి తగిలినకొద్దీ నల్లబడుతూ గట్టిగా పట్టుకుంటుంది. కడిగితే నలుపు పోతుంది గాని ఇనుము పూర్తిగా పోదు. అందుకే కొన్ని పుటలలో పాత అక్షరాలు లేత గోధుమరంగులో మామూలు కంటికే కనబడతాయి.

కంటికి కనబడనివాటికి అతినీలలోహిత కాంతి సాయపడుతుంది. ఆ కాంతికి చర్మం నీలంగా మెరుస్తుంది, సిరా ఆనవాలు ఉన్నచోట మెరుపు అణగి అక్షరం నల్లగా తేలుతుంది. ఇప్పుడు ఒకే పుటను అతినీలలోహితం నుంచి పరారుణం వరకు వేర్వేరు కాంతులలో ఫోటోలు తీసి, వాటిని కంప్యూటర్‌లో కలిపి, రెండు రాతలనూ రెండు రంగులుగా విడదీస్తున్నారు. ఆర్కిమిడీస్ ప్రతిలో కొన్ని పుటల మీద 20వ శతాబ్దంలో ఎవరో బంగారు పూతతో నకిలీ చిత్రాలు వేశారు. ఆ పూత కింది రాతను ఈ ఫోటోలు అందుకోలేకపోవడంతో, 2005లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న సింక్రోట్రాన్ అనే యంత్రం నుంచి వచ్చే శక్తిమంతమైన ఎక్స్-కిరణాలను ప్రయోగించి, సిరాలోని ఇనుము ఎక్కడెక్కడ ఉందో గుర్తించి చదివారు.

జవాబు – శారద

రఘురామ్ గారు చెప్పినదానికి రెండో సందేహం గురించి చేరుస్తాను. ద్వేషమే కారణమైతే క్రైస్తవులు తమ పవిత్ర గ్రంథాన్నే చెరిపి ఉండేవారు కాదు. 5వ శతాబ్దపు గ్రీకు బైబిల్ ప్రతిని 12వ శతాబ్దంలో చెరిపి, దాని మీద సిరియా దేశపు క్రైస్తవ రచయిత ఎఫ్రెమ్ రచనలను రాసుకున్నారు. ఆ ప్రతి ఇప్పుడు పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉంది. ఇలాంటివి ఎంతగా జరిగేవో గాని, 692లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన మతసభ, పురుగు తిన్నవి, నీటికి పాడైనవి తప్ప బైబిల్ ప్రతులను కోయరాదని, నాశనం చేసేవారి చేతికి ఇవ్వరాదని ఒక నియమమే పెట్టవలసి వచ్చింది.

నా దృష్టిలో అసలు కారణం పొదుపు. ఒక పెద్ద పుస్తకానికి ఎన్నో జంతువుల చర్మాలు కావాలి. చదివేవారు లేని పుస్తకం లేఖకుడికి ముడిసరుకుగా కనబడింది. 1229లో ఆ ప్రార్థన పుస్తకం రాసినవారు ఆర్కిమిడీస్ ఒక్కరినే కాదు, ఏథెన్స్ వక్త హైపరైడీస్ ప్రసంగాలున్న పత్రాలను కూడా వాడుకున్నారు. పాత పత్రాలను పక్కకు తిప్పి మధ్యకు మడవడం వల్ల పాత వరుసలు కొత్త వరుసలకు అడ్డంగా పడి, కొన్ని కుట్టులో దాగిపోయాయి. అయినా, పూజకు వాడే పుస్తకం కనుకనే దాన్ని శతాబ్దాలపాటు జాగ్రత్త చేశారు. ఆర్కిమిడీస్ ‘పద్ధతి’ అనే రచన మనకు ఈ ఒక్క ప్రతిలోనే మిగిలింది.

భార్గవి

ఇద్దరికీ ధన్యవాదాలు. కెమెరాలు రాకముందు మరి ఎలా చదివేవారు?

జవాబు – రఘురామ్

రసాయనాలతో చదివేవారండీ, నాకు ఎక్కువ బాధ కలిగించే భాగం అదే. 1819లో వాటికన్‌లో రోమన్ రాజనీతిజ్ఞుడు సిసెరో ‘గణరాజ్యం’ గ్రంథాన్ని క్రైస్తవ మతాచార్యుడు అగస్టీన్ వ్యాఖ్యానం అడుగున కనిపెట్టిన గ్రంథాలయాధికారి ఆంజెలో మాయ్, ఆనాటి ఇతర పండితులు, మాచికాయ కషాయం వంటివి పుటలకు పూసేవారు. మిగిలిన ఇనుముతో కలిసి అక్షరం కొంతకాలం నల్లగా తేలేది, తరువాత పుట మొత్తం మరకపడి నల్లబడేది. లేఖకుడి గీకుడు కంటే పండితుల ఆత్రుత వల్ల శాశ్వతంగా పోయిన పుటలున్నాయి. ఈజిప్టులోని సినాయిలో ఉన్న సెయింట్ క్యాథరిన్ మఠంలో పాలింప్సెస్ట్‌లను చదవడానికి 2011 తరువాత జరిగిన పనిలో మాత్రం కాంతి తప్ప మరేదీ వాడలేదు. మీకు స్వయంగా చూడాలని ఉంటే, ఆర్కిమిడీస్ ప్రతి చిత్రాలను 2008లో అందరికీ ఉచితంగా విడుదల చేశారు. గ్రీకు రాకపోయినా, ప్రార్థన వరుసలకు అడ్డంగా నడిచే పాత వరుసలను, రేఖాగణిత పటాలను గుర్తుపట్టగలరు.